ఐదు నిమిషాల పనివాడితనం

పోయిన సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు మా పెదనాన్న బీరువాలోంచి పదకొండు నోటు పుస్తకాలు తీసి నా ఒళ్ళో పెట్టారు. నలభై ఏళ్ళ సేద్యంలో ఆయన రాసుకున్నవి. ఏ కార్తెలో తొలివాన పడింది, ఏ చెక్కలో ఏ విత్తనం వేశారు, ఎద్దుల జత ఎంతకు తెచ్చారు, ఏ ఏడు ఎన్ని బస్తాలు ఇంటికొచ్చాయి, అన్నీ తేదీలతో సహా ఉన్నాయి. "ఇవన్నీ ఇంటర్నెట్‌లో పెట్టరా. కానీ పరాయివాడి గాదెలో పొయ్యొద్దు. రేపు వాడు తలుపేసుకుంటే మన గింజలు మనకి రావు" అన్నారు.

సొంత సర్వర్ మీద సొంత సాఫ్ట్‌వేర్ ఎందుకో ఇంత సూటిగా నాకెవరూ చెప్పలేదు. హైదరాబాద్ తిరిగొచ్చాక ఒక ఆదివారం పొద్దున కూర్చుని, నెలకింతని అద్దె కట్టే సర్వర్‌లో, బ్లాగులూ సైట్లూ నడిపే వర్డ్‌ప్రెస్ అనే సాఫ్ట్‌వేర్ ఎక్కించాను. ఈ పని నాకు కొత్త కాదు. పదిహేడేళ్ళుగా స్నేహితులకీ, సాహిత్య సంఘాలకీ, చిన్న పత్రికలకీ చేసి పెడుతూనే ఉన్నాను. ఎప్పుడూ హడావిడిగా, ఒక చేత్తో ఫోన్ మాట్లాడుతూనే చేశాను. ఆ ఆదివారం మాత్రం తొందర లేదు. చీర కొనేటప్పుడు మా అమ్మ అంచు తిరగేసి వెనకవైపు నేత చూసేది. నేనూ అలాగే ఆ ఇన్‌స్టలేషన్‌ని తిరగేసి, దాని వెనకున్న కోడ్ తెరిచి, వరసగా చదివాను. చదివే కొద్దీ దాన్ని రాసినవాళ్ళ మీద గౌరవం పెరిగింది.

వర్డ్‌ప్రెస్ పుట్టుకలోనే పెదనాన్న భయానికి జవాబు ఉంది. 2001లో మిషెల్ వాల్‌డ్రిగీ అనే ఫ్రెంచి యువకుడు 'బీ2' అనే బ్లాగు సాఫ్ట్‌వేర్ రాశాడు. కొంతకాలానికి ఆయన దాన్ని పట్టించుకోవడం మానేశాడు, పని ఆగిపోయింది. దాన్ని వాడుకుంటున్న మాట్ ముల్లెన్‌వెగ్‌కి అప్పుడు 19 ఏళ్ళు, అమెరికాలోని హ్యూస్టన్‌లో ఉండేవాడు. బీ2 జీపీఎల్ లైసెన్సు కింద ఉంది కాబట్టి ఎవరైనా ఆ కోడ్ తీసుకుని ముందుకు నడపవచ్చని 2003 జనవరిలో రాశాడు. ఇంగ్లండ్‌లోని స్టాక్‌పోర్ట్ నుంచి మైక్ లిటిల్ అనే ప్రోగ్రామర్ నేనూ వస్తానన్నాడు. 2003 మే 27న వర్డ్‌ప్రెస్ 0.7 బయటికొచ్చింది. గాదె కాపలాదారు వెళ్ళిపోయినా గింజలు పోలేదు.

అప్పటి పరిస్థితి ఒకటి గుర్తు పెట్టుకోవాలి. మామూలు మనిషికి దొరికే సర్వర్ అంటే వందల మంది కలిసి పంచుకునే యంత్రంలో ఒక మూల. అందులో ఆదేశాలు టైపు చేసే నల్ల తెర ఉండదు. ఎఫ్‌టీపీతో ఫైళ్ళు పంపడం, పీహెచ్‌పీ నడపడం, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ ఒకటి వాడుకోవడం, అంతే. అప్పట్లో పేరున్న మూవబుల్ టైప్ అనే బ్లాగు సాఫ్ట్‌వేర్ పెర్ల్ భాషలో రాసింది. దాన్ని నిలబెట్టాలంటే ఒక్కో స్క్రిప్టుకీ అనుమతులు సరిచేయాలి, టపా మార్చినప్పుడల్లా పేజీలు మళ్ళీ తయారుచేయించాలి. వర్డ్‌ప్రెస్ రాసినవాళ్ళు ఆ మూలలో కూర్చున్న మనిషిని, అతని చేతిలో ఉన్న ఆ మూడు పనిముట్లనే దృష్టిలో పెట్టుకున్నారు. తమ పత్రాల్లో దీన్ని ప్రఖ్యాతమైన ఐదు నిమిషాల ఇన్‌స్టలేషన్ అని ధీమాగా చెప్పుకున్నారు. జిప్ ఫైలు విప్పడం, డేటాబేస్ ఒకటి తయారుచేయడం, ఫైళ్ళు పైకి పంపడం, బ్రౌజర్‌లో చిరునామా కొట్టడం. పని అంతే, ఆ మాట నిజమే.

చిరునామా కొట్టగానే మొదట వచ్చేది భాషల జాబితా. 2014లో వచ్చిన 4.0 నుంచి ఇది ఉంది. ప్రతి భాష పేరూ ఆ భాష లిపిలోనే కనిపిస్తుంది. తెలుగు మీద నొక్కగానే, పేజీ ఇంకా మారకముందే, కింద బటన్ మీది మాట కూడా తెలుగులోకి మారిపోతుంది. ఇది లేకపోయినా ఇన్‌స్టలేషన్ ఆగదు, అడిగేవాళ్ళూ ఉండరు. కానీ ఇంగ్లీషు రాని మనిషి జాబితాలో తన భాష వెతుక్కున్నాక, ఆ పక్క అడుగులోనే మళ్ళీ ఇంగ్లీషు బటన్ చూసి జంకకూడదని ఎవరో అనుకున్నారు. కూర్చుని, ఒక్కో భాషకీ ఆ ఒక్క మాట అదనంగా చేర్చారు.

తర్వాత ఐదు గడులు వస్తాయి. డేటాబేస్ పేరు, యూజర్ నేమ్, పాస్‌వర్డ్, డేటాబేస్ ఉన్న యంత్రం పేరు, టేబుళ్ళ పేర్లకు ముందు తగిలించే అక్షరాలు. చివరి రెండూ నింపే ఉంటాయి. నూటికి తొంభై మందికి అవే సరిపోతాయి. ఇక్కడే నేను కావాలని తప్పులు చేయడం మొదలుపెట్టాను. వస్తువు గట్టితనం అది సవ్యంగా నడిచేటప్పుడు తెలియదు.

మొదట పాస్‌వర్డ్ తప్పు కొట్టాను. డేటాబేస్‌తో కలవలేకపోయానని చెప్పి మూడు ప్రశ్నలు అడిగింది. పేరూ పాస్‌వర్డూ సరిగ్గా ఉన్నాయా, యంత్రం పేరు సరైనదేనా, డేటాబేస్ సర్వర్ నడుస్తోందా. ఈ మాటలే అర్థం కాకపోతే మీ హోస్టింగ్ వాళ్ళను అడగండని కూడా చెప్పింది. బాగానే ఉంది.

రెండోసారి పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టి, డేటాబేస్ పేరు తప్పు ఇచ్చాను. ఈసారి వేరే సమాధానం వచ్చింది. డేటాబేస్ సర్వర్‌తో కలవగలిగానని, అంటే మీ పేరూ పాస్‌వర్డూ సరైనవేనని, మీరు చెప్పిన డేటాబేస్ మాత్రం దొరకలేదని చెప్పింది. అక్కడితో ఊరుకోలేదు. కొన్నిచోట్ల డేటాబేస్ పేరుకు ముందు మీ యూజర్ నేమ్ తగిలిస్తారు, ఇబ్బంది అదేమో చూడండని అడిగింది.

నేను ఆ వాక్యం దగ్గర చాలాసేపు ఆగిపోయాను. పదిహేడేళ్ళ కిందట మొట్టమొదటిసారి నేను చేసిన తప్పు సరిగ్గా అదే. హోస్టింగ్ ప్యానెల్లో డేటాబేస్‌కి నేనొక పేరు పెడితే, ప్యానెల్ దాని ముందు నా ఖాతా పేరు చేర్చుకుంది. నేను చూసుకోలేదు. లక్షలమంది ఇదే తప్పు చేసుంటారు. ఆ సందేశం రాసిన మనిషి ఆ తప్పు చేసినవాళ్ళ పక్కన ఎన్నిసార్లు కూర్చున్నాడో! మామూలు ప్రోగ్రాం ఏది తప్పో చెబుతుంది. ఇది ముందు ఏది ఒప్పో చెప్పి, వెతకాల్సిన చోటును సగానికి కుదించి, ఆ తర్వాత తప్పు దగ్గరికి వచ్చింది. మా ఊళ్ళో మోటారు బాగుచేసే మేస్త్రి కూడా అంతే. కరెంటు వస్తోంది, కాయిల్ బాగుంది అని పైకి అనుకుంటూనే బేరింగ్ దగ్గరికి చేరతాడు.

మూడో తప్పు పెద్దది. ఫోల్డరులో ఫైళ్ళు రాసే అనుమతి తీసేశాను. ఈ వివరాలన్నీ దాచుకునే కాన్ఫిగ్ ఫైలును ఇన్‌స్టలేషన్ తానే రాసుకోవాలి. ఇప్పుడు రాయలేదు. చాలా ప్రోగ్రాములు ఇక్కడ అనుమతి లేదు అని ఒక ముక్క విసిరి ముగించేస్తాయి. వర్డ్‌ప్రెస్ అలా చేయలేదు. ఫైలు రాయలేకపోయానని చెప్పి, రాయాల్సిన పాఠమంతా ఒక పెట్టెలో పూర్తిగా సిద్ధం చేసి చూపించింది. ఇదే పేరుతో ఫైలు మీరే తయారుచేసి, ఇది అందులో అతికించి, తర్వాత ఈ బటన్ నొక్కండి అంది. ఇన్‌స్టలేషన్ తెగిపోలేదు. నా చేతి మీదుగా ఒక అడుగు వేసి, అవతల మళ్ళీ తన దారి పట్టింది.

ఈ సాఫ్ట్‌వేర్‌లో నాకు అన్నిటికన్నా నచ్చేది ఈ పద్ధతే. చేయగలిగింది చప్పుడు లేకుండా చేస్తుంది. చేయలేనిచోట చేయలేనని ఒప్పుకుని, మిగిలిన ముక్కను అందంగా కట్టి నీ చేతిలో పెడుతుంది. టపాల చిరునామాలు చక్కగా కనపడేందుకు సర్వర్‌లో హెచ్‌టీయాక్సెస్ అనే ఫైలులో కొన్ని వరసలు రాయాలి. అక్కడా ఇదే వరస. రాయగలిగితే రాస్తుంది, లేకపోతే ఆ వరసలు చూపించి అతికించమంటుంది. రాసేటప్పుడు కూడా మొదలు, చివర అని తన పేరుతో రెండు గట్లు వేసుకుని, మార్పులన్నీ ఆ రెండింటి మధ్యే చేస్తుంది. గట్టు అవతల నువ్వు రాసుకున్న వరస ఒక్కటీ ముట్టుకోదు. పొలం గట్టు విలువ తెలిసినవాళ్ళకు ఈ మర్యాద విడమర్చి చెప్పక్కర్లేదు.

ఇక ఆ కాన్ఫిగ్ ఫైలు. దాన్ని సాదా పాఠంగా తెరిచి చదవమని ఎవరికైనా చెబుతాను. వ్యాఖ్యలతో నిండి ఉంటుంది, ప్రతి గడి పైనా అదేమిటో ఒక వరసలో రాసి ఉంటుంది. అందులో ఎనిమిది రహస్య తాళాలు, ఒక్కొక్కటీ 64 అక్షరాల పొడవు. నువ్వు లాగిన్ అయ్యావని బ్రౌజర్‌లో దాచే కుకీలకు వీటితోనే ముద్ర పడుతుంది. అనుమానం వచ్చిన రోజున వీటిని మార్చేస్తే, లోపలున్న వాళ్ళందరూ ఒక్కసారిగా బయటికొచ్చేస్తారు. ఈ తాళాలను ఇన్‌స్టలేషన్ ఎలా తయారుచేస్తుందో చూశాను. అక్షరాలు, అంకెలు, గుర్తులు కలిపిన ఒక మూట నుంచి గుడ్డిగా ఏరుతుంది. ఆ మూటలో దాదాపు అన్ని గుర్తులూ ఉన్నాయి గానీ, కొటేషన్ గుర్తులూ వెనక్కి వాలిన గీతా లేవు. అవి పడితే పీహెచ్‌పీ ఆ వరసను తప్పుగా చదివి ఫైలు మొత్తం చెడిపోయే ప్రమాదం ఉంది. బియ్యంలో రాయి ఏరినట్టు ముందే వాటిని ఏరి పారేశారు. ఫైలు చివర్న ఒక వ్యాఖ్య, ఇక్కడితో మీ మార్పులు చాలు, ఇక హాయిగా రాసుకోండి అనే అర్థంలో ఉంటుంది. దాని కింద యంత్రానికి కావాల్సిన వరసలు కొన్ని. యజమాని గది ఎక్కడిదాకా, వంటిల్లు ఎక్కడినుంచో ఒక్క గీతతో తేల్చారు.

ఇంకో చిన్న సంగతి. ఈ ఫైలు తన ఫోల్డరులో కనపడకపోతే, వర్డ్‌ప్రెస్ ఒక మెట్టు పైన ఉన్న ఫోల్డరులోనూ వెతుకుతుంది. అందువల్ల బయటివాళ్ళు బ్రౌజర్‌తో చేరలేని చోట దీన్ని దాచుకోవచ్చు. ఎక్కడా ఏ సెట్టింగూ మార్చక్కర్లేదు, ఫైలు జరిపితే చాలు.

ఇంత మెచ్చుకున్నాక ఒక లోపం చెప్పకపోతే తప్పవుతుంది. ఫైళ్ళు పైకి పంపి, ఈ సెటప్ పేజీ పూర్తిచేయకుండా రేపు చూద్దాంలే అని పడుకోకూడదు. ఆ పేజీ ఎవరు తెరిస్తే వాళ్ళదే. మన సైటు చిరునామా కనిపెట్టిన ఎవడైనా తన డేటాబేస్ వివరాలు అందులో నింపి, మన సర్వర్‌లో యజమానిగా కూర్చోగలడు. ఐదు నిమిషాలు అన్నారు కాబట్టి ఆ ఐదు నిమిషాలూ ఒకే బిగిన కూర్చోవాలి.

డేటాబేస్ కుదిరాక సైటు పేరు, యూజర్ నేమ్, పాస్‌వర్డ్, ఈమెయిల్ అడుగుతుంది. గట్టి పాస్‌వర్డ్ తానే ఒకటి తయారుచేసి పెడుతుంది. దాన్ని తుడిచి బలహీనమైనది కొడితే, తెలిసే వాడుతున్నానని టిక్కు పెట్టమంటుంది. తొలి రోజుల్లో యజమాని పేరు ఎప్పుడూ అడ్మిన్ అనే ఉండేది. 2010లో 3.0 వచ్చాక ఆ పేరు మనమే పెట్టుకునే వీలు కలిగింది.

బటన్ నొక్కగానే పన్నెండు టేబుళ్ళు తయారవుతాయి. ఈ తయారీ చేసే ఫంక్షన్‌కి డీబీడెల్టా అని పేరు. ఇన్‌స్టలేషన్ మొత్తంలో నేను ఎక్కువసేపు చదివింది దీన్నే. ఇది టేబుళ్ళు కట్టమని నేరుగా చెప్పదు. ఉండాల్సిన నమూనాను, ఇప్పుడు ఉన్నదాన్ని పక్కపక్కన పెట్టి పోల్చి చూస్తుంది. ఏమీ లేకపోతే అంతా కడుతుంది. పాత టేబుల్ ఉండి ఒక గడి తక్కువైతే ఆ గడి ఒక్కటే చేరుస్తుంది. పట్టుచీరకు రఫ్ఫు చేసేవాడు చీర మళ్ళీ నేయడు కదా, తెగిన పోగులు చూసుకుని అవే కలుపుతాడు. కొత్త ఇల్లు కట్టే చేయీ, పదేళ్ళ తర్వాత వచ్చి మరమ్మతు చేసే చేయీ ఒకటే కావడం వల్ల వర్డ్‌ప్రెస్ ఇన్నేళ్ళుగా పాత డేటాను పోగొట్టకుండా కొత్త రూపాల్లోకి తీసుకొస్తోంది. దీనికో పట్టింపు కూడా ఉంది. ప్రైమరీ కీ అన్న మాటకీ దాని వివరానికీ మధ్య రెండు ఖాళీలు ఉండాలి. ఒకటి పెడితే ఒప్పుకోదు. ప్లగిన్లు రాసేవాళ్ళందరూ ఎప్పుడో ఒకరోజు దీని దగ్గర తడబడ్డవాళ్ళే.

అదే కోడ్‌లో టేబుళ్ళ నమూనా దగ్గర 191 అనే అంకె ఉంటుంది. ఇదెక్కడిదని అనుకుంటుండగానే పైన వ్యాఖ్య లెక్క చెబుతుంది. డేటాబేస్ సూచిక (ఇండెక్స్) పొడవు అప్పట్లో 767 బైట్లకు మించకూడదు. అక్షరానికి మూడు బైట్లయితే 255 అక్షరాలు పట్టేవి. 2015లో 4.2తో అక్షరానికి నాలుగు బైట్ల పద్ధతికి మారారు కాబట్టి 191 మాత్రమే పడతాయి. తర్వాత వచ్చేవాడు ఈ అంకె చూసి చిరాకుపడి మార్చేయకుండా, భాగహారంతో సహా రాసిపెట్టారు.

మూడు బైట్లు అంటే గుర్తొచ్చింది, తెలుగు అక్షరాలు ఒక్కొక్కటీ మూడేసి బైట్లే తింటాయి. కాన్ఫిగ్ ఫైలులో డేటాబేస్ లిపి ఏదో చెప్పే గడి 2007లో 2.2తో వచ్చింది. అంతకుముందు పెట్టిన సైట్లలో చాలావాటికి డేటాబేస్ తన దగ్గరున్నది లాటిన్ అనుకునేది. పైకి తెలుగు బాగానే కనపడేది. సర్వర్ మార్చిన రోజున బండారం బయటపడేది. ఒక చిన్న పత్రిక సైటును అలా మార్చబోయి, కథలన్నీ తలమీద గీత పెట్టిన లాటిన్ ఏ అక్షరం, దాని పక్కన చిన్న సున్నా, మళ్ళీ ఏ అక్షరం, ఇలా వరసలు వరసలుగా మారిపోతే రాత్రంతా కూర్చున్నాను. తెలుగు అక్షరాలన్నిటికీ మొదటి బైటు ఒకటే. అందుకే ఏ కథ తెరిచినా అదే ఏ అక్షరం. తెల్లారేసరికి కథలు తిరిగొచ్చాయి. ఆ గడిని చూసినప్పుడల్లా నాకు ఆ రాత్రి గుర్తొస్తుంది.

టేబుళ్ళు అయ్యాక ఇన్‌స్టలేషన్ ఇల్లు ఖాళీగా అప్పజెప్పదు. ప్రపంచానికి నమస్కారం చెప్పే ఒక టపా, ఒక నమూనా పేజీ వేసి పెడుతుంది. 2018 నుంచి గోప్యతా విధానం చిత్తుప్రతి కూడా ఉంటోంది. తలుపు తీయగానే ఏది ఎలా కనపడుతుందో తెలియడానికి. అన్నీ చెరిపేయదగ్గవే. పని పూర్తయ్యాక నేను నాలుగో తప్పు చేశాను. అదే ఇన్‌స్టలేషన్ పేజీని మళ్ళీ తెరిచాను. ఇది ముందే అయిపోయింది, లాగిన్ అవ్వండి అని చెప్పి ఊరుకుంది. ఒక్క టేబుల్ కదల్లేదు.

శివరాత్రికి మళ్ళీ ఊరెళ్ళాను. అప్పటికి మొదటి పుస్తకంలో కొంత టైపు చేసి ఉంచాను. అరుగు మీద లాప్‌టాప్ పెట్టి, పెదనాన్న చూస్తుండగా మొదటి టపా ప్రచురించాను. దాని పేరు ఆయన పెట్టిందే, నాగలిచాలు వెంట నడిచిన రోజులు. పేజీ తెరుచుకుంది. ఆయన కళ్ళద్దాలు సర్దుకుని పైన చిరునామా కూడా వదలకుండా చదివారు.

"నడిచిన రో... ఏంట్రా, రోజులు సగంలో ఆగిపోయాయి?"

లెక్క ఇదీ. చిరునామాలో తెలుగు అక్షరం నేరుగా దాచుకోవడం కుదరదు, మూడు బైట్లనూ తొమ్మిది గుర్తులుగా మార్చాలి. న ఒక తొమ్మిది, దాని దీర్ఘం ఇంకో తొమ్మిది. టేబుల్‌లో ఈ గడికి ఇచ్చింది 200 గుర్తుల చోటు. మొదటి మూడు మాటలూ, వాటి మధ్యా తర్వాతా వచ్చే గీతలూ కలిపి 174. రో అనే అక్షరంతో 192. జ వేస్తే 201, ఒక్కటి ఎక్కువ. కోడ్ రాసినవాళ్ళు ఇక్కడ కూడా ఒక జాగ్రత్త తీసుకున్నారు, తొమ్మిది గుర్తుల మధ్యలో కోయకుండా పూర్తి అక్షరం దగ్గరే ఆపారు. లేకపోతే చిరునామా అసలు తెరుచుకునేదే కాదు. కానీ మాట మధ్యలో ఆగిందన్నది వాళ్ళకి తెలిసే దారి లేదు. ఇంగ్లీషుకు ధారాళంగా సరిపోయే 200, తెలుగు మాటలు నాలుగింటికి చాలలేదు.

ఇదంతా పెదనాన్నకి చెప్పాను. ఆయన విని, "మరి మనం మార్చుకోవచ్చా?" అన్నారు.

మార్చుకోవచ్చు. టపా పక్కనే చిరునామా కోసం ఒక గడి ఉంది. తాను చేసింది అందులో చూపించి, నచ్చకపోతే నీదే రాసుకోమని తెరిచి ఉంచుతుంది. లాప్‌టాప్ ఆయనవైపు తిప్పాను. ఒక్క వేలితో, అక్షరం అక్షరం వెతుక్కుంటూ, నాగలిచాలు అని కొట్టారు. మొత్తం 81 గుర్తులు. సేవ్ చేశాక నేను పాత చిరునామాను, ఆ తెగిన రో తో సహా, మళ్ళీ తెరిచి చూశాను. పాత పేరును టేబుల్‌లో ఒక మూల గుర్తు పెట్టుకున్న వర్డ్‌ప్రెస్, తిన్నగా కొత్త చిరునామాకు తీసుకెళ్ళింది.

పెదనాన్న లాప్‌టాప్ నాకు తిరిగివ్వలేదు. లోపలికి కేకేసి రెండో పుస్తకం తెమ్మన్నారు.